నేను పడి ఉన్నప్పుడే వచ్చినవాళ్లకు కృతజ్ఞతలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

మూడేళ్ల క్రితం క్రిస్మస్ కూటంలో మైకు పట్టుకుని తాగుడు మానేశానని సాక్ష్యం చెప్పాను, అందరూ స్తోత్రం అన్నారు, ఏడాది తిరక్కముందే మళ్లీ మొదలుపెట్టాను. మందిరానికి వెళ్లడం మానేశాను, మా పాస్టరు అయ్యగారు ఫోన్ చేస్తే ఎత్తేవాణ్ని కాదు. మా సంఘంలో ఒక అన్న దగ్గర, అమ్మకి ఒంట్లో బాగోలేదని అబద్ధం చెప్పి ఐదు వేలు తీసుకుని అదీ తాగేశాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఇది దాచిపెడితే ఆ అన్న చేసిందేంటో మీకు తెలియదు.

రెండు నెలల క్రితం ఒట్టు పెట్టుకుని ఒక్కసారిగా ఆపేశాను. రెండో రోజు రాత్రి చెమటలు, వణుకు, తర్వాత ఫిట్స్. (రోజూ బాగా తాగేవాళ్లు ఇంట్లోనే ఇలా ఆపేస్తే ప్రాణం మీదకి రావచ్చని డాక్టర్ చెప్పారు, దయచేసి ఆస్పత్రిలో చూపించుకుని మానండి.) మా ఆవిడ భయపడి అర్ధరాత్రి ఆ అన్నకే ఫోన్ చేసింది. ఆటో తీసుకుని వచ్చేశాడు. గుంటూరు ఆస్పత్రిలో ఆరు రాత్రులు నా మంచం పక్కన కింద దుప్పటి పరుచుకుని పడుకున్నాడు. పొద్దున్నే స్టీలు గ్లాసులో రాగిజావ పోసి, నా చేతులు వణుకుతుంటే తనే పట్టుకుని తాగించేవాడు, గడ్డం మీద కారితే తన తువ్వాలుతో తుడిచేవాడు. డబ్బు మాట ఎత్తలేదు. ఉండబట్టలేక నేనే చెప్పేశాను, అప్పుడు అమ్మకేం కాలేదన్నా అని. "నాకప్పుడే తెలుసురా. జావ చల్లారిపోతోంది, తాగు" అన్నాడు.

మాది లూథరన్ సంఘం, కృపచేతనే రక్షణ అన్న మాట వింటూనే పెరిగాను. బైబిల్లో ఆ మాటే చెప్పే ఎఫెసీ 2:8 అప్పజెప్పి సండే స్కూల్లో బహుమతి కూడా తీసుకున్నాను. అయినా నా మనసులో మాత్రం ముందు నేను బాగుపడాలి, ఆ తర్వాతే దేవుడికి మొహం చూపించాలి అనే ఉండేది. అయ్యగారు వచ్చి రోమా 5:6 చదివారు, మనం ఇంకా బలహీనులమై ఉండగానే క్రీస్తు చనిపోయాడని. తర్వాత యోహాను 21. శిష్యుడు పేతురు చలిమంట దగ్గర నిలబడి యేసుని ఎరగనని మూడుసార్లు బొంకాడు కదా, తిరిగి లేచిన ప్రభువు ఒడ్డున నిప్పులు వేసి చేపలు, రొట్టె సిద్ధం చేసి రండి భోంచేయండి అన్నాడు. నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగింది తిండి పెట్టాకే. ఎన్నిసార్లు చదివినా ఆ వరస నా కంట పడలేదు, ఆ రోజు వింటుంటే ఏడుపు ఆగలేదు.

అయ్యగారికి, వారం రోజులు మా పిల్లలకి క్యారేజీలు పంపిన స్త్రీల సమాజం అమ్మలకి, కసురుకోకుండా చూసిన నర్సమ్మకి, నన్ను వదిలిపెట్టని నా భార్యకి నిండు మనసుతో కృతజ్ఞతలు.

మొన్న ఆదివారం మందిరంలో ప్రభు రాత్రి భోజన సంస్కారానికి ముందుకెళ్లాను. చెయ్యి చాస్తే ఇంకా వణుకుతోంది. అయ్యగారు నా మణికట్టు పట్టుకుని అరచేతిలో రొట్టె పెట్టారు.

నేనింకా బలహీనుణ్నే. సాయంత్రం ఏడు దాటితే కష్టంగా ఉంటోంది, ఆ టైంలో గుర్తొస్తే నా కోసం ప్రార్థన చేయండి.

అన్నా, నువ్వు ఫోన్లో ఇవన్నీ చూడవు, వదిన చదివి వినిపిస్తుందిలే. ఈ నెల రెండు వేలు ఇస్తున్నాను, వద్దనకు.