ఇక్కడా కరకట్టలే, నాన్నా

బోస్టన్, లింకన్‌షైర్, ఇంగ్లండ్

నాన్నా,

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్ చేసినప్పుడల్లా "అక్కడ కొండలున్నాయా, మంచు పడుతుందా" అంటావు. కొండల్లేవు. లింకన్‌షైర్‌లో వోల్డ్స్ అని గుట్టల వరుస ఒకటుంది కానీ అందులో ఎత్తైనదే 168 మీటర్లు. నేనుండే బోస్టన్ వైపు అయితే అచ్చం మన దివిసీమే, ఎండొక్కటే తక్కువ.

ఈ పల్లాన్ని ఫెన్స్ అంటారు. ఒకప్పుడు అంతా రొంపి. ఉత్తరాన యాక్స్‌హోమ్‌లో 1626లో వెర్ముయ్‌డెన్ అనే డచ్చి ఇంజినీరు కాలవలు తవ్వించి నీళ్ళు తీయించడం మొదలుపెడితే, చేపలూ పశువుల మేతా పోతాయని ఊళ్ళవాళ్ళు గట్లు తెగ్గొట్టారట. నువ్వున్నా తెగ్గొట్టేవాడివే! నీళ్ళు తీసేసరికి నేల ఎండి కుంగింది. ఇప్పుడు చాలాచోట్ల ఏరు పైన, పొలం కింద. మురుగంతా మోటార్లతో ఎత్తి ఏట్లో పోయాలి. కాలవల్ని డ్రెయిన్లనే అంటారు, మనలాగే. పోటు నీరు విథమ్ ఏట్లోకి ఎక్కకుండా మా ఊళ్ళో లాకులు 1766లో కట్టారు. బెజవాడ ఆనకట్ట కంటే తొంభై ఏళ్ళు ముందు.

డ్రెయిన్ల సంగతి నాకు బాగా తెలిసొచ్చింది. పోయిన నెల నైట్ డ్యూటీ దిగి వస్తుంటే పొగమంచులో కారు ముందు చక్రం గట్టు దిగిపోయింది. రోడ్డు పక్కనే కాలవ, అడ్డు గోడ లేదు. ఒకటే టెన్షన్. ఇంతలో క్యాబేజీ కోతకి పోతున్న వ్యాను ఆగింది. నలుగురు దిగి, చేతులతోనే లేపి రోడ్డు మీద పెట్టారు. లిథువేనియా వాళ్ళట. వాళ్ళ మేస్త్రి మాత్రం వ్యాను దిగకుండా గడియారం చూసుకుంటున్నాడు. మేస్త్రీలు ఎక్కడైనా మేస్త్రీలే.

ఈ చుట్టుపక్కల కూరగాయలు కోసేదీ, షెడ్లలో ప్యాకింగ్ చేసేదీ ఎక్కువగా వాళ్ళే. పోలండ్, లాత్వియా, రొమేనియా వాళ్ళూ ఉన్నారు. బజారులో వాళ్ళ కొట్లు వరసగా ఉంటాయి, ఊరగాయ దోసకాయలు అక్కడే కొంటున్నాను. 2016లో యూరప్ నుంచి విడిపోదామని మా ఊళ్ళో నూటికి 75 మందికి పైగా ఓటేశారు. దేశంలో అదే ఎక్కువ. బయటి దేశాల వాళ్ళు రావడం వల్లే అద్దెలు పెరిగాయి, ఆసుపత్రిలో రద్దీ పెరిగిందంటారు. ఆ మాటలు నాతోనే అంటారు, నన్ను లెక్కలోకి తీసుకోకుండా. నవ్వాలో ఏడవాలో తెలియదు.

వార్డులో ఒక ముసలావిడ 1953 ఉప్పెన గురించి చెప్పింది. జనవరి 31 రాత్రి సముద్రం గట్లు తెంచుకొచ్చింది. ఇంగ్లండ్‌లో 307 మంది పోయారు, ఈ జిల్లాలోనే 40 మందికి పైగా. అప్పుడావిడకి ఏడేళ్ళు, మేడ మెట్ల మీద తెల్లవార్లూ కూర్చుందట. నేను 1977 నవంబరు 19 నాటి మన దివిసీమ ఉప్పెన గురించి, నువ్వు తాడిచెట్టు పట్టుకుని గడిపిన రాత్రి గురించి చెప్పాను. "మీ నాన్నకి ఇప్పటికీ గాలి చప్పుడైతే మెలకువ వస్తుందా?" అని అడిగింది. వస్తుందని చెప్పాను.

2013లో మళ్ళీ పోటెత్తి పెద్ద చర్చిలోకే నీళ్ళొచ్చాయి. ఇప్పుడు ఏటి అడుగున పెద్ద ఇనుప తలుపు పడుకోబెట్టారు, సముద్రం పొంగితే పైకి లేస్తుంది. ఆదివారం వెళ్ళి ఫోటో తీసి పంపుతాను. మన ఊరి డ్రెయిన్‌లో గుర్రపుడెక్క తీశారా లేదా, అది రాయి.

నీ చిన్నమ్మలు