మా బ్రూనోగాడి పులిపిర్లు: డాక్టరమ్మగారికి కృతజ్ఞతలు

మా బ్రూనోకి 13 ఏళ్లు. నల్ల డాష్‌హండ్ కుక్క. మెడ మీద బియ్యపు గింజంత లేచిన పులిపిరి చూస్తుండగానే శనగగింజంత అయింది. బెల్టు రాసుకున్నప్పుడల్లా రక్తం. ముందు కాలి మీద ఇంకోటి, దాన్ని వాడు నాకుతూనే ఉండేవాడు.

మొదట చూపించిన చోట మత్తిచ్చి కోసేద్దామన్నారు. వాడి గుండెకి మర్మర్ (గుండె చప్పుడులో తేడా) ఉంది, మందుల మీదే నడుస్తున్నాడు. మత్తు మాట వినగానే అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఈ మధ్యలో నా ఘనకార్యం ఒకటి: ఎవరో చెప్పారని మెడ మీది దానికి దారం బిగించి కట్టాను. వాచి చీము పట్టింది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

అప్పుడు మా పక్కింటి పిన్నిగారు, పులిపిర్లని కోయకుండా గడ్డకట్టించి (ఫ్రీజ్ చేసి) రాలిపోయేలా చేసే ఈ డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్లమన్నారు. వెళ్లిన రోజే అయిపోతుందనుకున్నా. ఆవిడ ముందు చీము తగ్గడానికి మందులిచ్చి, రెండింటి నుంచీ సూదితో కణాలు తీసి పరీక్షకి పంపారు. "ఫ్రీజ్ చేశాక పరీక్షకి పంపడానికి ముక్క మిగలదమ్మా. చెడ్డ గడ్డ కాదని ముందే తేలాలి" అన్నారు. మరీ పెద్దవి, లోతుగా పాకినవి అయితే ఇది కుదరదు, కోయాల్సిందేనని కూడా దాచకుండా చెప్పారు. రిపోర్టు వచ్చేదాకా మా టెన్షన్ మాది.

చేసిన రోజు పూర్తి మత్తు లేదు, ఆ చోట తిమ్మిరెక్కే ఇంజక్షన్ మాత్రమే. లిక్విడ్ నైట్రోజన్ క్యాన్ చూడగానే నాన్న గుర్తుపట్టేశారు. ఊళ్లో పశువుల ఆసుపత్రిలో ఆవుల కోసం వీర్యం దాచేదీ ఇందులోనేనట! మైనస్ 196 డిగ్రీలు. సన్నగా స్ప్రే చేస్తే పులిపిరి తెల్లగా మంచు పట్టింది. అది దానంతట అదే కరిగేదాకా ఆగి మళ్లీ కొట్టారు. గబుక్కున గడ్డకట్టి మెల్లగా కరిగితేనే లోపలి కణాలు చస్తాయట. అంతసేపూ వాడి తల ఒళ్లో పెట్టుకుని కబుర్లు చెప్పిన అసిస్టెంట్ తమ్ముడికి ప్రత్యేకంగా థాంక్స్.

మర్నాడు వాపు చూసి కంగారుపడి రాత్రి పదింటికి ఫోన్ చేశాను. విసుక్కోకుండా మాట్లాడారు. మెడకి పెట్టిన కోన్ (నాక్కోకుండా కట్టే గరాటు లాంటిది) తీయకండి, పొక్కు మీరు పీకకండి, అంతే అన్నారు. నల్లగా పొక్కు కట్టి మూడో వారంలో రాలిపోయింది.

అక్కడ వెంట్రుకలు తెల్లగా రావచ్చని ఆవిడ ముందే చెప్పారు. వచ్చాయి కూడా. మెడ వెనక విభూతి పెట్టుకున్నాడని నాన్న వాణ్ణి ఏడిపిస్తున్నారు.