అరకు ఉత్సవాల తేదీలు పొలాన్ని చూసి పెట్టండి: పర్యాటక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు.

అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో చలికాలపు సందడి గురించి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. నవంబరు వచ్చిందంటే శుక్రవారం రాత్రి నుంచే విశాఖ వైపు నుంచి బండ్లు బారులు తీరతాయి. వంజంగి కొండ మీద మబ్బుల సముద్రం చూడడానికి తెల్లవారకముందే జనం ఎక్కుతారు. లంబసింగి మంచు, మాడగడ సూర్యోదయం, బొర్రా గుహలు, చాపరాయి జలపాతం అన్నీ కిటకిటలాడతాయి. 2017లో కిరండోల్ రైలుకు అద్దాల బోగీ తగిలించినప్పటి నుంచి ఆ ప్రయాణం కోసమే వచ్చేవాళ్లూ పెరిగారు. వాళ్ల రాక మాకు సంతోషమే. మా కుర్రకారుకు పని దొరుకుతోంది, మా కాఫీ పేరు నలుగురి నోటా వినిపిస్తోంది.

కానీ ఏ వారంలో ఉత్సవం పెడితే మీ పొలాలకు, మీ సంతలకు మేలు అని మా ఊళ్లలో ఎవరైనా అడగగా నేను వినలేదు. ఈ ఉత్తరం ఆ ప్రశ్న గురించే. మన్యంలో వారాంతపు కార్యక్రమాల తేదీలు పంటను చూసి పెట్టాలి, గ్రామసభ కూర్చుని ఖాయం చేయాలి. నేను కోరేది ఇదే.

2025లో జనవరి 31 నుంచి ఫిబ్రవరి 2 వరకు, శుక్ర శని ఆదివారాలు మూడు రోజులు, అరకులో చలి ఉత్సవం జరిగింది. వేడుక ఘనంగానే సాగింది. చలి కూడా చూడదగ్గదే, కాదనను. అయితే ఆ తేదీల్లో లోయలో పంట ఏముంటుందో ఒక్కసారి ఆలోచించండి. నూనె గింజల పంట వలిసెలు కోసి, నూర్చి, గింజలు బస్తాల్లోకి ఎత్తేసి ఉంటారు. వరి కోత ఎప్పుడో అయిపోయి ఉంటుంది. కాఫీలో ఆఖరి ఏరుడు మిగిలి ఉంటుంది. అంటే ఇక్కడి నేల చూపించగలిగిందంతా చూపించేశాక మనం అతిథులను పిలుస్తున్నాం. వాళ్లు వేదిక చూసి, దీపాలు చూసి వెళ్లిపోతున్నారు. ఈ లోయ ఏం తిని బతుకుతుందో, ఏం పండిస్తుందో వాళ్ల కంట పడడం లేదు.

వలిసె పూల సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ నష్టం అక్కడే. వానలు కాస్త వెనుకపట్టు పట్టే వేళ మెట్ట నేలల్లో వలిసె చల్లుతాం. అక్టోబరు ఆఖరు నుంచి పూత మొదలై, నవంబరు అంతా, డిసెంబరులో కొంత భాగం కొండవాలులన్నీ పసుపు పచ్చగా ఉంటాయి. ఆ పూల కోసమే సగం మంది వస్తారు. రోడ్డు పక్క పొలమున్న రైతు తాడు కట్టి, మధ్యలో చిన్న మంచె వేసి, మనిషికి ఇరవయ్యో ముప్పయ్యో రూపాయలు తీసుకుంటున్నాడు. అతనికి నాలుగు డబ్బులు మిగులుతున్నాయి, మంచిదే. కానీ ఆ వెనక ఉన్న పొలాలకు తాడూ లేదు, కాపలా లేదు. అక్కడ ఎవరికి తోచిన చోట వాళ్లు దిగిపోతారు. సోమవారం పొద్దున వెళ్లి చూస్తే పొలం మధ్యలో చాపంత చాపంత మేర మొక్కలు నేలకు ఒరిగి ఉంటాయి. వలిసె కాడ మెతక, పెళుసు. నడుం విరిగిందంటే మళ్లీ లేవదు, ఆ పువ్వు గింజ కట్టదు. ఫొటోలో అందంగా కనబడే ఆ ఖాళీ జాగా ఒక ఇంటికి వంట నూనె. పైగా వలిసె తన పుప్పొడితో తాను గింజ కట్టే పైరు కాదు, తేనెటీగ ఒక మొక్క మీంచి మరో మొక్క మీదికి వాలితేనే గింజ నిండుతుంది. పూత మీదున్న చేలలో రోజంతా జనం తొక్కిడి, పెద్ద పెట్టెల పాటల హోరు ఉంటే ఈగ ఎక్కడ వాలుతుంది?

దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. పూత మొదలయ్యే ముందే ఏ ఊళ్లో ఏ పొలాలు చూపించడానికి సిద్ధంగా ఉన్నాయో రైతులే చెబుతారు. వాటిలో నడవడానికి ఒక మనిషి పట్టే బాట విత్తేటప్పుడే వదిలేయవచ్చు. టికెట్ ధర ఊరంతటికీ ఒకటే పెట్టి, వచ్చిన డబ్బులో ఆ పొలం రైతుకు ఎంత, వెనక పొలాల వాళ్లకు ఎంత అన్నది గ్రామసభ నిర్ణయిస్తే రోడ్డు పక్క వాడికి లాభం, లోపలి వాడికి తొక్కిడి అనే తేడా పోతుంది. ఈ పని విత్తనాలు చల్లకముందే జరగాలి. పూత వచ్చాక సమావేశం పెడితే ఉపయోగం లేదు.

కాఫీది మరో లెక్క. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరును మీ ప్రకటనల్లోనూ వాడుతున్నారు. నవంబరు నుంచి జనవరి వరకు పండ్లు ఎరుపెక్కుతాయి. ఒక కొమ్మ మీద పండ్లన్నీ ఒకేసారి పండవు, పచ్చివి వదిలి ఎర్రవి మాత్రమే ఏరాలి, అందుకే ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్లాలి. ఏరిన పండు ఆ రోజే పల్పింగుకు, అంటే తొక్క తీయడానికి, వెళ్లాలి. ఆలస్యమైతే పులిసి రుచి చెడుతుంది, ధర పడిపోతుంది. సరిగ్గా ఈ రోజుల్లోనే వారాంతపు రద్దీ ముదురుతుంది. ఏరుడు పనికి రావలసిన కుర్రకారు హోటళ్ల దగ్గర, గుడారాల దగ్గర పనికి వెళతారు. వాళ్లను తప్పు పట్టను, చేతికి ఆ రోజే డబ్బు వస్తుంది కదా. ఇక పండిన దాన్ని ఆరబెట్టుకోవడానికి కళ్లాలు చాలక చాలా మంది రోడ్డు అంచునే కాఫీ, చోళ్లు (రాగులు), వడ్లు పరుస్తారు. శని, ఆదివారాల్లో వాటి మీది నుంచే కార్లు వెళతాయి. ముసలావిడ ఒకరు చీపురు పట్టుకుని, బండి వచ్చిన ప్రతిసారీ చక్రాల కింద నలిగిన గింజలు వేరు చేసి, మిగిలినవి పక్కకు ఊడ్చుకోవడం ఆ దారిలో వెళ్లేవాళ్లెవరికైనా కనిపిస్తుంది. పర్యాటక నిధులతో ఊరికొక కాంక్రీటు కళ్లం కట్టించండి. వేదికల మీద పెట్టే ఖర్చులో అది ఏ పాటిది?

ఇంకొక ప్రమాదం ఉంది. 2025లో మన్యంలో కాఫీ కాయ తొలుచు పురుగు బయటపడింది. అది పట్టిన కాయలు, సంచులు ఒక చోటి నుంచి మరో చోటికి చేరితే పురుగూ వెంట వెళుతుంది. సరదాకి నాలుగు కాయలు కోసి జేబులో వేసుకునే అలవాటు సందర్శకుల్లో చాలా మందికి ఉంది. పురుగు ఉన్న తోటల్లోకి ఎవరినీ పంపకూడదు, మిగిలిన తోటల్లో స్థానికుడు వెంట లేకుండా నడవనివ్వకూడదు. ఈ నియమాన్ని మీ శాఖ, కాఫీ బోర్డు, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ కలిసి వచ్చే సీజన్‌కు ముందే అమల్లోకి తేవాలి.

మరి ఏ తేదీలు బాగుంటాయి అంటారా? మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక మంచి వాన పడితే వారం పది రోజులకు కాఫీ పూస్తుంది. సిల్వర్ ఓక్ నీడన కొమ్మ కొమ్మకూ తెల్లటి పూలు, తోట దరిదాపులకు వెళితే చాలు మల్లెలాంటి పరిమళం. మూడు నాలుగు రోజుల్లో వాడిపోతుంది. అప్పటికి చలి జనం వెళ్లిపోయి ఉంటారు, హోటళ్లు ఖాళీగా ఉంటాయి. నిజంగా చూడదగ్గ కాలం అది. అయితే ఆ పండుగ తేదీని ఆరు నెలల ముందు కాగితం మీద ముద్రించలేం, వాన ఖాయం చేయాలి. వాన పడిన నాడే ప్రకటించి, పది రోజుల్లో కొద్ది మందిని చిన్న చిన్న గుంపులుగా రప్పించే ఏర్పాటు మీ శాఖ చేయగలిగితే ఈ లోయకు సరిపోయే కార్యక్రమం అదే అవుతుంది. జనవరి నుంచి కొండ చీపుళ్లు, తర్వాత చింతపండు, వానలు మొదలయ్యాక అనాస, వానలు వెళ్లేముందు సీతాఫలం, ఇలా ఏ నెలకా నెల పంట ఉంది. వాటిని వరుసగా రాసి పెట్టుకుంటే అందరూ నవంబరు, డిసెంబరు శనివారాల మీదే పడరు.

సంతల విషయంలో మాత్రం నాకు ఓపిక తక్కువ. మన్యంలో మండలానికొక రోజు, కొన్ని చోట్ల ఊరికొక రోజు సంత. వారమంతా పడిన కష్టానికి డబ్బు కళ్లబడేది ఆ పూటే. అల్లం, పసుపు, రాజ్‌మా, అడ్డాకులు, కోళ్లు, తేనె నెత్తిన పెట్టుకుని, కావిడి మోసుకుని కొండ దిగి వస్తారు. సంతకు చేరకముందే, దారులు కలిసే చోట షావుకారు మనుషులు కాచుకుని ఉంటారు. నడిచి నడిచి అలసిపోయిన ఆడమనిషి బుట్టను చెయ్యి వేసి దించేస్తారు, ముద్ర లేని కాటా మీద తూస్తారు, చెప్పిన ధర చేతిలో పెడతారు. బేరం ఆడే జాగా అక్కడ లేదు, పక్క దుకాణంలో ధర అడిగే వీలు లేదు. బుట్ట సంతలోకి చేరి ఉంటే ఆవిడకు దక్కేది వేరుగా ఉండేది.

అలాంటి సంతలకు ఇప్పుడు సందర్శకులు కూడా వస్తున్నారు. రావాలి. ఆవిడ దగ్గరే నేరుగా కొనేవాళ్లు నలుగురు పెరిగితే షావుకారు పట్టు సడలుతుంది. కానీ కార్లు సంత నోట్లోనే ఆపేస్తే కావిళ్లు ఎటు నుంచి వస్తాయి? మొహం మీద కెమెరా పెట్టి, ఏమీ కొనకుండా వెళ్లిపోతే ఆ పూట వ్యాపారం ఏమవుతుంది? బండ్లు ఆపే చోటు సంతకు దూరంగా పెట్టించండి. ముద్ర వేసిన కాటాలు సంత లోపల ఉంచి, దారి మీద కొనుగోలును ఆపించండి. వాన పడితే తలదాచుకునే షెడ్డు, తాగే నీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేని సంతలు ఈ కొండల్లో ఇంకా ఎన్నో ఉన్నాయి. ఉత్సవం వేదికకు ముందు అవి కట్టాలి.

ఇందులో చట్టం కూడా మా వైపే ఉంది. మనమంతా పెసా అని పిలిచే 1996 నాటి చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామ సంతల నిర్వహణ అధికారాన్ని గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఇమ్మంది. సంతను పర్యాటక ఆకర్షణగా మార్చే ఏ పథకమైనా ముందు గ్రామసభ ముందుకు రావాలి. ఆశీళ్ల (సంతలో వసూలు చేసే రుసుముల) వేలం ఎలా జరగాలో, ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో కూడా ఊరే చెప్పాలి.

పండుగల గురించి ఒక విన్నపం. చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది, విత్తనాలు పూజించుకుని దుక్కికి సిద్ధమయ్యే రోజులు అవి. కొత్తల పండుగలు వస్తాయి, పండిన కొత్త పంటను దేవుడికి పెట్టాకే ఇంట్లో ముట్టుకుంటాం. ఇవి ఊరి లోపలి పండుగలు. వీటిని వారాంతానికి జరిపి, వేదిక ఎక్కించి, అతిథుల కోసం మరోసారి చేయించవద్దు. ఊరు పిలిస్తే రండి, తప్పకుండా అన్నం పెడతాం. పాడేరు మోదకొండమ్మ జాతర అందరిదీ, మే నెలలో ఎండను లెక్కచేయకుండా జనం పోటెత్తుతారు. దానికి బస్సులు, నీళ్లు, వైద్యం పెంచితే చాలు. మా థింసా నృత్యం ఆడే ఆడవాళ్లను ప్రతి ప్రముఖుడి స్వాగతానికీ గంటల తరబడి ఎండలో నిలబెట్టే పద్ధతి మాత్రం మానాలి. వాళ్లు ఆ రోజు కూలి పోగొట్టుకుని వస్తున్నారు, వాళ్లకు ఇచ్చేది కళాకారులకు ఇచ్చే పారితోషికంలా ఉండాలి.

మంత్రిగారూ, ఇంకా ఎన్నో ఉన్నాయి. ఘాట్ రోడ్డు మీద వారాంతాల్లో అంబులెన్సుకు దారి కావాలి. బినామీ పేర్ల మీద లేచే విడిదుల విషయంలో, మా భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1970 నాటి ఒకటో నిబంధన నిజంగా అమలు కావాలి. వాటికి వేరే శాఖలు కూడా బాధ్యులే. నేను ఈ లేఖలో అడుగుతున్నది మీ ఒక్క శాఖే చేయగలిగిన పని: వచ్చే ఏడాది ఉత్సవాల జాబితా మీ కార్యాలయంలో తయారవకముందే, వలిసె విత్తకముందే, ఒక సంత రోజున సంత జరిగే చోటే సమావేశం పెట్టండి. ఆ రోజు చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడే ఉంటాయి, ప్రత్యేకంగా ఎవరినీ పిలిపించనక్కరలేదు. ఉద్యాన శాఖ, వ్యవసాయ శాఖ, ఐటీడీఏ అధికారులను వెంట తెచ్చుకోండి. మాట్లాడేది తెలుగే కానక్కరలేదు, ఆదివాసీ ఒరియా, కువి వచ్చినవాళ్లనూ పక్కన కూర్చోబెట్టండి. ఆడవాళ్లు మధ్యాహ్నం రెండు దాటితే తిరిగి కొండ ఎక్కాలి, కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టండి.

ఇట్లు,
అరకు లోయలోని ఒక రైతు కుటుంబం నుంచి