విడి స్వీట్ల ముందు ‘పాలు ఉన్నాయి’ అని రాయించండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. ఒకటో తరగతి చదువుతున్న మా మనవడికి పాలు పడవు. పెరుగు, వెన్న, నెయ్యి, కోవా, పనీర్ కూడా పడవు. మా అమ్మాయి ఉద్యోగానికి వెళ్తుంది కాబట్టి వాడికి వండిపెట్టేది నేనే. ఇలాంటి పిల్లలున్న ఇళ్లు ఇంకా ఉంటాయని, వాళ్లకు ఉపయోగపడుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పాలు పడవంటే అరగవని చాలామంది అనుకుంటారు. ఆ రెండూ వేరు. పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర అరగనివాళ్లకు కడుపుబ్బరం, విరేచనాలు వస్తాయి. వాళ్లలో చాలామంది పెరుగు, మజ్జిగ కొద్దిగా తినగలరు. మా వాడిది ఎలర్జీ. పాలలోని ప్రోటీన్ ఒంట్లోకి వెళ్తే దద్దుర్లు లేస్తాయి, పెదాలు వాస్తాయి, కొందరు పిల్లలకు ఊపిరి కూడా అందదు. మేక పాలు పట్టి చూడమని మాకు చెప్పినవాళ్లు ఎందరో. మేక పాలలో, గేదె పాలలో ఉండే ప్రోటీన్లు కూడా ఆవు పాలలోని వాటికి దగ్గరగానే ఉంటాయని, వాటి జోలికి వెళ్లొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. ‘కొంచెం కొంచెం పెడితే అదే అలవాటవుతుంది’ అనేవాళ్లకు చేతులెత్తి దండం పెడుతున్నాను, ఆ ప్రయోగం ఇంట్లో చేయకండి. పెద్దయ్యేకొద్దీ చాలామంది పిల్లల్లో ఈ ఎలర్జీ తగ్గుతుంది. తగ్గిందో లేదో ఆస్పత్రిలో డాక్టరు దగ్గరుండి చూడాలి.

ఇక వంట సంగతి. మా గోదావరి వైపు పాలు లేని వంటలు బోలెడున్నాయి. ఆవకాయ అన్నంలోకి, కందిపొడిలోకి పప్పునూనె పోసుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. పెసరపప్పు పాయసం కొబ్బరి పాలతో చేస్తాను. కొబ్బరి రుబ్బి పిండితే వచ్చే చిక్కటి మొదటి పాలు పక్కన పెట్టి, ఆ పిప్పిలో వేడినీళ్లు పోసి తీసిన రెండో పాలలో పప్పు ఉడికించాలి. బెల్లం కరిగి, పొయ్యి కట్టేశాక మొదటి పాలు కలపాలి. మంట మీద మరగనిస్తే విరిగినట్టయి నూనె తేలుతుంది. చిమ్మిలి, కొబ్బరి లౌజు, నూనెలో వేయించిన అరిసెలు పండక్కి సరిపోతాయి.

పెరుగు దగ్గరే అవస్థ. ఎన్ని కూరలు వండినా చివర్లో పెరుగన్నం లేకపోతే మనకు భోజనం చేసినట్టుండదు. వాడి పక్కన కూర్చుని అందరం పెరుగు కలుపుకుంటుంటే వాడు చూస్తూ ఉండేవాడు. అందుకే వేరుశనగ పెరుగు నేర్చుకున్నాను. రాత్రి నానబెట్టిన గింజలు పొట్టుతీసి, మెత్తగా రుబ్బి, పల్చటి బట్టలో వడకట్టి, అడుగంటకుండా కలుపుతూ కాచాలి. గోరువెచ్చగా అయ్యాక మామూలు పెరుగుతో తోడు పెట్టకూడదు, అందులో ఉన్నవీ పాలే కదా. పచ్చిమిరపకాయల తొడిమలు నాలుగైదు వేసి మూతపెడితే తెల్లారేసరికి తోడుకుంటుంది. మొదటిసారి పలచగానే ఉంటుంది. అందులోంచి చెంచాడు తీసి మళ్లీ తోడు వేస్తే తర్వాతది గట్టిగా వస్తుంది. వేరుశనగ వాసన కొంత ఉంటుంది. అల్లం, కరివేపాకు, ఆవాలతో పోపు పెడితే పిల్లలు తింటారు. వేరుశనగ పడని పిల్లలూ ఉన్నారు, వాళ్లకు మాత్రం ఇది పెట్టొద్దు. ఎండాకాలంలో అయితే మా అమ్మ చేసినట్టు గంజి పులియబెట్టి, దబ్బాకులు వేసి తరవాణి పెడతాను. ఆ పులుపుకి పెరుగు లేని లోటు చాలావరకు తీరుతుంది. మా వాడు ఉల్లిపాయ నంజుకుని ఇష్టంగా తింటాడు.

అయితే రుచి కుదిరితే చాలదు. కొబ్బరి పాలలో ప్రోటీన్, కాల్షియం తక్కువ. 100 గ్రాముల ఆవు పాలలో దాదాపు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, అంతే రాగుల్లో 350 దాకా ఉంటుంది. నువ్వుల్లో ఇంకా ఎక్కువ. అదంతా ఒంటికి పట్టదు కాబట్టి రాగి జావ, నువ్వుపొడి, మునగాకు ఏదో ఒక రూపంలో రోజూ పెడుతుంటాను. మాంసం, గుడ్డు తినని ఇళ్లలో బి12 విటమిన్ అందేది ముఖ్యంగా పాల నుంచే. పాలు మానిపించినప్పుడు దాని గురించి డాక్టరును తప్పకుండా అడగాలి. ఏడాది లోపు పసివాళ్లకు నేను చెప్పినవేవీ పాలకు బదులుగా పట్టకూడదు.

ఇంట్లో నాకు భయం లేదు, బయట కొనాలంటేనే టెన్షన్. ప్యాకెట్ మీద పచ్చచుక్క ఉంటే అది శాకాహారం అని మాత్రమే, పాలు ఉండవని కాదు. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్‌లోని పదార్థంలో పాలు ఉంటే ఆ సంగతి విడిగా రాయాలి. చాలా ప్యాకెట్ల మీద అది సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. వే పౌడర్, కేసినేట్, మిల్క్ సాలిడ్స్ అని ఉన్నా అవి పాల నుంచి వచ్చినవే. విడిగా తూచి ఇచ్చే స్వీట్లకు ఆ మాత్రం ఆధారం కూడా లేదు. పోయిన సంక్రాంతికి మా ఊళ్లో ఒక షాపులో పాలు లేవని చెప్పి ఇచ్చిన కొబ్బరి మిఠాయి సగం తినేసరికి పిల్లాడి పెదాలు వాచిపోయాయి, ఆస్పత్రికి పరుగెత్తాం. అందులో పాలపొడి వేశారని తర్వాత తెలిసింది. కౌంటర్లో అబ్బాయి అబద్ధమాడాడని నేను అనను. తయారయ్యేది వేరేచోట, ఏం వేశారో అతనికి చెప్పినవాళ్లు లేరు.

విడి స్వీట్లు ఎప్పటిలోగా తినాలో ఆ తేదీని ట్రే ముందు పెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి నిబంధన అమల్లోకి వచ్చింది. అదే అట్టముక్క మీద ‘పాలు ఉన్నాయి’, ‘నెయ్యి ఉంది’ అని తెలుగులో రాయించడానికి పైసా ఖర్చు కాదు. స్వీటు షాపుల యజమానులు తమంతట తాము ఈ పని చేయాలని, ఆహార తనిఖీ అధికారులు చేయించాలని కోరుతున్నాను. ఆలయాల్లో అన్నదానం వడ్డించేచోట కూడా ఒక బోర్డు పెడితే మాలాంటివాళ్లు పిల్లల్ని ధైర్యంగా బంతిలో కూర్చోబెడతాం.

మీ ఆదివారం వంటల పేజీలో కూడా ప్రతి వంట కింద పాలు, నెయ్యి ఉన్నాయో లేదో ఒక ముక్క రాసి, వాటికి బదులు ఏం వాడొచ్చో చెప్పండి. తరవాణి, వేరుశనగ పెరుగు కొలతలతో సహా రాసి పంపమంటే నేను పంపుతాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయురాలు,
రాజమహేంద్రవరం