కస్టమ్స్ బ్రోకర్ పరీక్ష కబురు తెలుగు పత్రికలోనూ రావాలి

సంపాదకులకు నమస్కారం.

భీమవరం చెరువుల్లో పట్టిన వనామీ రొయ్య, మండపేట మిల్లుల్లో ఆడిన బియ్యం, అంబాజీపేట చుట్టుపక్కల తీసిన కొబ్బరి పీచు ఓడ ఎక్కాలంటే ఎవరో ఒకరు కస్టమ్స్‌లో షిప్పింగ్ బిల్లు (ఎగుమతి సరుకు వివరాల పత్రం) వేయాలి. తన సరుకుకు ఎగుమతిదారు తానే వేసుకోవచ్చు. ఇతరుల తరఫున వేయాలంటే మాత్రం 1962 నాటి కస్టమ్స్ చట్టం 146వ సెక్షన్ ప్రకారం కస్టమ్స్ బ్రోకర్ లైసెన్సు ఉండాలి. డెల్టా నుంచి ఇంత సరుకు పోతున్నా, ఈ లైసెన్సు పరీక్ష ఒకటుందని తెలిసిన పిల్లలు మన జిల్లాల్లో చాలా తక్కువ. 2018 లైసెన్సింగ్ నిబంధనల ప్రకారం దరఖాస్తుల ప్రకటన ఇంగ్లిష్, హిందీ జాతీయ దినపత్రికల్లో వేస్తే సరిపోతుంది. తెలుగు పత్రిక ఒక్కటే తెప్పించుకునే ఇంటికి ఆ కబురు చేరే దారి లేదు. అందుకే ఈ ఉత్తరం. ప్రకటన ఎప్పుడొచ్చినా పిల్లలు సిద్ధంగా ఉండేలా కొన్ని సంగతులు కూడా రాస్తున్నాను.

మొదట అర్హత. డిగ్రీ ఉండాలి, కానీ డిగ్రీ ఒక్కటే చాలదు. దానిపైన ఎం.కామ్, ఎంబీఏ, సీఏ, ఎల్ఎల్‌బీ వంటి చదువో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన కస్టమ్స్ క్లియరెన్స్ డిప్లొమానో ఉండాలి. అవేవీ లేకపోతే జీ-కార్డు (పరీక్ష నెగ్గిన బ్రోకర్ ఉద్యోగికి కస్టమ్స్ ఇచ్చే కార్డు) మీద కనీసం రెండేళ్లు పనిచేసి ఉండాలి. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. బ్రోకర్ ఆఫీసులో పదేళ్లుగా ఫైళ్లు మోస్తున్న కుర్రాడు తనకు పదేళ్ల అనుభవం ఉందనుకుంటాడు. నిబంధన లెక్కపెట్టేది జీ-కార్డు చేతికొచ్చాక గడిచిన కాలాన్నే. హెచ్-కార్డు (ఆ పరీక్ష నెగ్గని సహాయకుడికి ఇచ్చేది) మీద తిరిగిన ఏళ్లు అందులోకి రావు. కాబట్టి బి.కామ్‌తో ఆగినవాళ్లు ముందు జీ-కార్డు పరీక్ష రాయాలి. ఆ పరీక్షకు పంపమని యజమానిని చేరిన మొదటి ఏడాదే అడగండి. మంచి పనివాడు సొంత లైసెన్సు తెచ్చుకుని వెళ్లిపోతాడేమోనని ఆ మాటే ఎత్తని ఆఫీసులు ఉన్నాయి. అది పిల్లల జీవితాలకు చేసే అన్యాయం.

దరఖాస్తు ఫారం-ఏలో పెట్టాలి. ఆధార్, పాన్ తప్పనిసరి. డిగ్రీ పట్టాలో ఇంటిపేరు పొడి అక్షరంగానూ, ఆధార్‌లో పూర్తిగానూ, పాన్‌లో చివరనా ఉండటం మన ప్రాంతంలో మామూలే. గడువు వారం ఉందనగా దీన్ని సరిచేయించుకోవడం కుదరదు. ప్రకటన రాకముందే మూడింట్లోనూ పేరు ఒకేలా ఉండేటట్టు చూసుకోవాలి. ఐదు లక్షల రూపాయలకు తక్కువ కాని ఆస్తి ఉన్నట్టు షెడ్యూల్డ్ బ్యాంకు ధ్రువపత్రం గానీ, కమిషనర్ ఒప్పుకునే మరో రుజువు గానీ కావాలి. ఆ ఆస్తి అభ్యర్థిదై ఉండాలి. నాన్నగారి పేరున ఉన్న కొబ్బరి తోట కాగితాలు చూపిస్తే కుదరదు.

పరీక్షను కస్టమ్స్ శాఖ శిక్షణ సంస్థ నాసిన్ కంప్యూటర్ మీద పెడుతుంది. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, అంటే ప్రశ్నకు నిమిషం. సరైన జవాబుకు 3 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. మొత్తం 450కి 270 రావాలి. ఒక్క తప్పూ లేకుండా 90 రాసినా గట్టెక్కవచ్చు. అన్నీ రాసేవాడికైతే 105 సరిపడాలి. 120 రాసి ఆగితే 98 చాలు. నాలుగు జవాబుల్లో దేన్నీ కొట్టెయ్యలేని ప్రశ్నకు గుడ్డిగా గుర్తు పెడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు, నిమిషం మాత్రం పోతుంది. ఒక జవాబును ఖాయంగా కొట్టెయ్యగలిగితే మిగిలిన మూడింట్లో ఒకటి ఎంచుకోవడం లాభమే. ఈ లెక్క ముందే మనసులో ఉన్నవాడు హాల్లో తడబడడు.

అసలు చిక్కు పాత గైడ్లతో వస్తోంది. చేతులు మారుతూ వచ్చిన పుస్తకాల్లో దిగుమతి విలువకు ఒక శాతం ల్యాండింగ్ చార్జీలు (రేవులో దించే ఖర్చు) కలపమని ఇంకా కనిపిస్తుంది. 2017 సెప్టెంబరులోనే దాన్ని తీసేశారు. 28వ సెక్షన్ కింద తక్కువ కట్టిన సుంకం కోసం ఇచ్చే మామూలు నోటీసుకు గడువు ఏడాది అని ఉంటుంది, 2016 నుంచి అది రెండేళ్లు. బిల్ ఆఫ్ ఎంట్రీని (దిగుమతి సరుకు వివరాల పత్రం) సరుకు దిగిన మర్నాటిలోగా వేస్తే చాలని ఉంటుంది. 2021 సవరణ తర్వాత మామూలుగా ఓడ వచ్చే రోజుకు ముందు రోజు ముగిసేలోగా వేయాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులకు రోజుకు 5,000, ఆపైన రోజుకు 10,000 రూపాయలు. ఎగుమతి ప్రోత్సాహకాల దగ్గర ఇప్పటికీ ఎంఈఐఎస్ అనే పాత పథకం గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. 2021 జనవరి 1 నుంచి దాని చోట రోడ్‌టెప్ పథకం వచ్చింది. విదేశీ వాణిజ్య విధానమూ 2023లో కొత్తది వచ్చింది. గైడు కొనేముందు ఈ ఐదు చోట్లూ తిప్పి చూడండి. ఒక్కటి పాతగా ఉన్నా పక్కన పెట్టేయండి. చట్టం, రూల్స్ సీబీఐసీ (కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు) వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటినే చదవాలి.

విలువ లెక్క ఒకటి వేసి చూద్దాం. దిగుమతి చేసుకునే యంత్రం ఎఫ్ఓబీ ధర (ఓడ ఎక్కించే వరకు అయ్యే ధర) 10,000 డాలర్లు, ఓడ కిరాయి, బీమా ఎంతో తెలియదు. 2007 వాల్యుయేషన్ రూల్స్‌లో పదో రూల్ ప్రకారం కిరాయికి ఎఫ్ఓబీ మీద 20 శాతం, అంటే 2,000. బీమాకు 1.125 శాతం, అంటే 112.50. ఇవన్నీ కలిపిన సీఐఎఫ్ ధర 12,112.50 డాలర్లు. నోటిఫై చేసిన రేటు డాలరుకు 80 రూపాయలనుకుంటే అసెసబుల్ వాల్యూ (సుంకం లెక్కగట్టే విలువ) 9,69,000 రూపాయలు. బేసిక్ డ్యూటీ 10 శాతం: 96,900. ఆ డ్యూటీ మీద సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి 10 శాతం: 9,690. మూడూ కలిపితే 10,75,590. దాని మీద ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) 18 శాతం: 1,93,606.20. కట్టాల్సింది మొత్తం 3,00,196.20. సర్‌చార్జిని 9,69,000 మీద వేయడం, ఐజీఎస్టీకి సర్‌చార్జి కలపడం మరిచిపోవడం మామూలుగా జరిగే పొరపాట్లు. ఆ తప్పుడు అంకెలు నాలుగు జవాబుల్లో ఎక్కడో ఉండే ఉంటాయి, కాబట్టి జవాబు కనబడింది కదా అని మోసపోకూడదు. ఎఫ్ఓబీ, కిరాయి కలిపిన మొత్తం తెలిసి విడివిడిగా తెలియకపోతే బీమా 1.125 శాతాన్ని ఆ మొత్తం మీద వేయాలి.

ఏ తేదీ రేటు వర్తిస్తుందన్నది మరో పెద్ద ఉచ్చు. మన రేవు సరుకే తీసుకోండి. 2023 ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం ఎగుమతి మీద 20 శాతం సుంకం వేశారు. షిప్పింగ్ బిల్లు అంతకుముందే వేసినా, 16వ సెక్షన్ చూసేది లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ (ఎగుమతికి కస్టమ్స్ అనుమతి) ఇచ్చిన తేదీనే. డాలరు రేటుకు మాత్రం 14వ సెక్షన్ ప్రకారం షిప్పింగ్ బిల్లు దాఖలు చేసిన తేదీ. దిగుమతిలోనూ ఇదే తిరకాసు. కాకినాడలో ముడి పామాయిల్‌ను బాండ్ ట్యాంకుల్లో (సుంకం కట్టకముందు సరుకు నిల్వ ఉంచే చోటు) దించుతారు. 2024 సెప్టెంబరు 14న దాని బేసిక్ డ్యూటీ సున్నా నుంచి 20 శాతానికి పెరిగింది. ఆగస్టులో బాండ్‌లో పెట్టిన నూనెకు ఆ తేదీ దాటాక ఎక్స్-బాండ్ బిల్లు (అక్కడి నుంచి సరుకు విడిపించే బిల్లు) వేసినవారికి అప్పట్లో 20 శాతమే పడింది. డ్యూటీ రేటుకు ఎక్స్-బాండ్ తేదీ, డాలరు రేటుకు సరుకు బాండ్‌లో పెట్టేటప్పుడు మొదట వేసిన ఇన్‌టు-బాండ్ బిల్లు తేదీ. పామాయిల్‌కు విలువ కూడా ఇన్వాయిస్ ధర కాదు, ప్రభుత్వం ప్రకటించే టారిఫ్ విలువ. సెక్షన్ 14, 15, 16లను పక్కపక్కన పెట్టుకుని, ఏ తేదీ దేనికో గడులు గీసి రాసుకుంటే మరి మరవరు.

వర్గీకరణకు, అంటే ఏ సరుకు ఏ టారిఫ్ కోడ్ కిందకు వస్తుందో తేల్చడానికి కూడా ఉదాహరణలు ఇంటి దగ్గరే ఉన్నాయి. పొట్టు తీసినా, తీయకపోయినా పచ్చి రొయ్యను ఫ్రీజ్ చేస్తే 0306. పొట్టుతోనే ఆవిరిపట్టినా, నీళ్లలో ఉడికించినా 0306లోనే ఉంటుంది. పొట్టు తీసి ఉడికిస్తే 1605కి పోతుంది. కొబ్బరి పీచు 5305, దాన్ని పేనిన నూలు 5308, నేసిన తివాచీ 5702. నూకలు 1006 40. అధ్యాయం నోట్లు, శీర్షిక మాటలు చదవకుండా సరుకు పేరు చూసి కోడ్ రాసేవాడికి వర్గీకరణ మార్కులు రావు, రేపు ఆఫీసులో డ్రాబ్యాక్ (ఎగుమతి చేసినవారికి తిరిగి ఇచ్చే సుంకం) కూడా రాదు.

ఫుడ్ సేఫ్టీ, డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్, ట్రేడ్ మార్క్స్, ఆయుధాల చట్టం వంటి అనుబంధ చట్టాలు పేరు చూస్తే భయపెడతాయి. వాటిలో దిగుమతి, ఎగుమతుల ఆంక్షలకు చెందిన సెక్షన్ల వరకు చదివితే చాలు. ఫెమా (విదేశీ మారకం), ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాలు), జీఎస్టీ చట్టాలకు మాత్రం కాస్త ఎక్కువ సమయం పెట్టాలి.

రాత పరీక్ష దాటాక మౌఖికం. అక్కడా 60 శాతం రావాలి. బట్టీ పట్టిన సెక్షన్ నంబర్ కంటే, బ్రోకర్ బాధ్యతలు చెప్పే పదో రెగ్యులేషన్ ఎంత అర్థమైందన్నది తేలేది ఇక్కడే. క్లయింట్ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవడం, ఐఈసీ (ఎగుమతి, దిగుమతుల కోడ్), జీఎస్టీ నంబర్లు సరిచూడటం, చెప్పిన చిరునామాలో ఆ సంస్థ నిజంగా ఉందో లేదో నమ్మదగిన పత్రాలతో నిర్ధారించుకోవడం, రికార్డులు ఐదేళ్లు భద్రపరచడం అందులో ఉన్నాయి. ఉల్లంఘన జరిగిందని రిపోర్టు అందాక 90 రోజుల్లోగా నోటీసు, జవాబుకు కనీసం 30 రోజులు, 50,000 రూపాయల వరకు జరిమానా, లైసెన్సు రద్దు. ఇవి పరీక్ష కోసం కాదు, బతుకు కోసం చదవాల్సినవి. పరిచయస్తుడి మాట మీద, ముఖం చూడని కంపెనీకి బిల్లు వేసినవాళ్లే ఎక్కువగా చిక్కుల్లో పడతారు.

లైసెన్సు ఇచ్చేముందు ఒప్పంద పత్రం (బాండ్)తో పాటు ఐదు లక్షల పూచీ పెట్టాలి. బ్యాంకు గ్యారంటీ, జాతీయ పొదుపు పత్రాలు, జాతీయ బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు, ఏదైనా పనికొస్తుంది. వడ్డీ బ్రోకర్‌కే వస్తుంది. ఆస్తి రుజువు వేరు, ఈ పూచీ వేరు. రెండూ ఒకటే అనుకుని చివరి క్షణంలో డబ్బుకు పరుగెత్తాల్సి రాకూడదు. లైసెన్సు దేశమంతటా చెల్లుతుంది. మరో కమిషనరేట్ పరిధిలోని రేవులో పని మొదలుపెట్టేముందు ఫారం-సీలో అక్కడి కమిషనర్‌కు తెలియజేస్తే సరి. 2021 సవరణతో పదేళ్లకోసారి రెన్యువల్ చేయించే పని పోయింది, కానీ ఏడాదికి మించి పనేమీ చేయకుండా ఉంచితే లైసెన్సు చెల్లకుండా పోవచ్చు.

కంటెయినర్‌కు ఇంతని తీసుకుని లైసెన్సును మరొకరికి వాడుకోనివ్వడం కొన్నిచోట్ల జరుగుతోంది. లైసెన్సు అమ్మడానికీ, బదిలీ చేయడానికీ వీల్లేదని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. పని చేసేది డెల్టా కుర్రాడు, పేరూ ఆదాయమూ ఎక్కడో ఉన్న లైసెన్సుదారుడివి, తప్పు జరిగితే ఇరుక్కునేది ఇద్దరూ. ఆ కుర్రాడికే సొంత లైసెన్సు ఉంటే ఈ గొడవే లేదు.

నా విన్నపం ఇది. ప్రకటన వెలువడగానే గ్రూప్స్, డీఎస్సీ వార్తల పక్కన మీ చదువు పేజీలో నాలుగు ముక్కలు వేయండి: చివరి తేదీ, అర్హతలు, కావలసిన పత్రాలు, ఏ కమిషనరేట్‌ను సంప్రదించాలో. కాకినాడ వైపువారికి అది విజయవాడలోని కస్టమ్స్ ప్రివెంటివ్ కమిషనరేట్. జీ-కార్డు పరీక్ష తేదీలు వచ్చినప్పుడూ అలాగే వేయండి. ఎం.కామ్ లేని పిల్లలకు మొదటి మెట్టు అదే.

ఇట్లు,
కస్టమ్స్ పని తెలిసిన ఒక పాఠకుడు,
కాకినాడ