నంబర్ వన్ పిక్ వదులుకుంటే పిచ్చివాళ్లేం కాదు

ఎడిటర్ గారికి,

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో టీమ్‌లు కొత్త కుర్రాళ్లని ఒక వరసలో ఎంచుకునే డ్రాఫ్ట్ గురించి మీ క్రీడా పేజీలో ఎప్పుడో ఒకసారి నాలుగు ముక్కలు వస్తాయి. వచ్చినప్పుడల్లా, మంచి పిక్ (అంటే ఆ వరసలో ముందు నంబరు) చేతిలో పెట్టుకుని, దాన్ని ఇంకో టీమ్‌కి ఇచ్చి కింది నంబరుకి దిగిన టీమ్‌కి బుర్ర లేదన్నట్టే రాస్తారు. ఉదాహరణ కూడా ఎప్పుడూ అట్లాంటాయే. 2018లో మూడో పిక్‌తో లూకా డాంచిచ్‌ని తీసుకుని డాలస్‌కి ఇచ్చేశారు, బదులుగా ఐదో పిక్ ట్రే యంగ్, మరుసటి ఏడాది ఫస్ట్ రౌండ్ (మొదటి విడత) పిక్ ఒకటి తెచ్చుకున్నారు. నేనుండేది డాలస్ పక్కనే కాబట్టి ఆ ట్రేడ్ మంచిదని అట్లాంటా తరఫున వాదించను, ఇక్కడి మనవాళ్లు చాలామంది ఎన్‌బీఏ చూడటం మొదలుపెట్టిందే లూకా వల్ల (ఆ లూకానే 2025 ఫిబ్రవరిలో లేకర్స్‌కి పంపించేశారు, ఆ కడుపుమంట మీద వేరే ఉత్తరం రాయాలి). కానీ అట్లాంటా తప్పు కిందికి దిగడంలో లేదు.

సరిగ్గా ఏడాది ముందు బోస్టన్ చేసిన పనీ ఇదే కదా. 2017లో నంబర్ వన్ పిక్ వాళ్లది. దాన్ని ఫిలడెల్ఫియాకి ఇచ్చి మూడో పిక్, దానిపైన ఇంకో ఫస్ట్ రౌండ్ పిక్ తీసుకున్నారు. ఫిలడెల్ఫియా మార్కెల్ ఫుల్ట్జ్‌ని తీసుకుంది, రెండో పిక్‌తో లేకర్స్ లాంజో బాల్‌ని తీసుకుంది, బోస్టన్‌కి జేసన్ టేటమ్ మిగిలాడు. ఫుల్ట్జ్ భుజం సమస్యతో ఫిలడెల్ఫియాకి రెగ్యులర్ సీజన్‌లో ఆడింది మొత్తం 33 మ్యాచ్‌లు. టేటమ్ 2024లో టైటిల్ కొట్టాడు.

ఇప్పుడు ఆ రెండు ట్రేడ్‌లలో అదనంగా వచ్చిన పిక్‌లు ఏమయ్యాయో చూడండి. రెండూ 2019 డ్రాఫ్ట్‌లోనే పడ్డాయి: బోస్టన్‌ది 14వ పిక్, రోమియో లాంగ్‌ఫర్డ్, అట్లాంటాది 10వ పిక్, కామ్ రెడ్డిష్. ఇద్దరూ తమను తీసుకున్న టీమ్‌లో నిలదొక్కుకోలేదు. అంటే ఆశపడి తెచ్చుకున్న బోనస్ ఇద్దరికీ దాదాపు సున్నాయే, అయినా ఒక ట్రేడ్‌ని తెలివి అంటున్నాం, ఇంకోదాన్ని తెలివితక్కువతనం అంటున్నాం. ఎందుకంటే బోస్టన్ జనరల్ మేనేజర్ డానీ ఎయింజ్ లిస్టులో మొదటి పేరే టేటమ్. మొదటి రెండు పిక్‌లూ ఎవరికి పోతాయో బయట అప్పటికే దాదాపు అందరూ చెప్పేస్తున్నారు, తనకి కావాల్సిన కుర్రాడు మూడో పిక్‌కీ దొరుకుతాడని ఆయన లెక్క. అట్లాంటా మాత్రం లూకాకీ ట్రే యంగ్‌కీ మధ్య తేడా ఒక పిక్‌తో పూడిపోయేంత చిన్నదే అనుకుంది. 19 ఏళ్లకే రియల్ మాడ్రిడ్‌లో ఆడుతూ యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ యూరోలీగ్‌లో ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయినవాడి విషయంలో ఆ అంచనా తప్పు. (ట్రే యంగ్ కూడా తక్కువవాడేం కాదు, 2021లో టీమ్‌ని ఈస్ట్ ఫైనల్స్ (లీగ్‌లో తూర్పు సగం ఫైనల్) దాకా తీసుకెళ్లాడు.)

ఎంసెట్ కౌన్సెలింగ్ చూసిన ఇంట్లో వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. మీకు కావాల్సిన కాలేజీ, కావాల్సిన బ్రాంచి అయిదు వేల ర్యాంకుకీ వస్తుందని ఖాయంగా తెలిస్తే చేతిలో ఉన్న అయిదు వందల ర్యాంకుతో పనేంటి? అక్కడ ర్యాంకు అమ్ముకోలేం, ఎన్‌బీఏలో అమ్ముకోవచ్చు, అంతే తేడా. పైగా ఫస్ట్ రౌండ్‌లో ఏ నంబరుకి ఎంత జీతమో ముందే ఖరారై ఉంటుంది, కిందికి దిగితే అదే ఆటగాడు ఇంకాస్త చవగ్గా కూడా వస్తాడు.

ఇదంతా మొదటి నాలుగైదు పిక్‌ల సంగతి, అక్కడ ఒక్కో మెట్టుకీ విలువ బాగా పడిపోతుంది కాబట్టి ఆచితూచి దిగాలి. పది దాటాక కథ వేరు. పదకొండోవాడికీ పదహారోవాడికీ తేడా చెప్పడం కుర్రాళ్లని వెతికిపెట్టే స్కౌట్‌లకే కష్టం, అలాంటప్పుడు ఒకరి బదులు ఇద్దరు వస్తుంటే ఎందుకు వద్దంటారు? 2014లో డెన్వర్ చేసింది అదే, 11వ పిక్ షికాగోకి ఇచ్చి 16, 19 తీసుకుంది. షికాగోకి డగ్ మెక్‌డెర్మట్, డెన్వర్‌కి యూసుఫ్ నర్కిచ్, గ్యారీ హారిస్. అదే రాత్రి 41వ పిక్‌లో డెన్వర్, తర్వాత లీగ్‌లోనే పెద్ద స్టార్ అయిన నికోలా యోకిచ్‌ని తీసుకుంటుంటే టీవీలో టాకో బెల్ యాడ్ నడుస్తోంది. ఆ యోకిచ్ కంటే ముందు నర్కిచ్‌ని, అంటే అదే సెంటర్ స్థానంలో ఆడే ఇంకొకడిని తీసుకుంది కూడా డెన్వరే, అంత దిగువన ఎవరి లెక్కలు ఏ మాత్రం నిలుస్తాయో దీన్నిబట్టే తెలుస్తోంది.

అలాగని ఊరికే పిక్‌లు పోగేసుకుంటే సరిపోదు. టీమ్‌లో మామూలు కాంట్రాక్టులకి 15 చోట్లే ఉంటాయి, ఒకే ఏడాది ముగ్గురు కుర్రాళ్లని తెస్తే ఆడించేదెక్కడ? అందుకే కిందికి దిగేవాళ్లు ఈ ఏడాది పిక్ కంటే ముందు ముందు వచ్చే పిక్ అడుగుతారు. ఆ పిక్‌కి ప్రొటెక్షన్ ఉందా లేదా అన్నదే అసలు బేరం. 2018లో డాలస్ ఇచ్చినదానికి టాప్-5 ప్రొటెక్షన్ ఉంది, అంటే అది మొదటి ఐదులో పడితే డాలస్ దగ్గరే ఉండిపోతుంది. అట్లాంటాకి నిజంగా పెద్ద లాభం వచ్చే దారి ముందే మూసేశారన్నమాట, నన్నడిగితే ఆ ట్రేడ్‌లో రెండో తప్పు అది.

మీరు వెక్కిరించే ఆ అట్లాంటానే 2025 జూన్‌లో 13 నుంచి 23కి దిగింది. పైకి ఎక్కి డెరిక్ క్వీన్‌ని తీసుకోవడానికి న్యూ ఆర్లీన్స్ 23వ పిక్‌తో పాటు 2026 ఫస్ట్ రౌండ్ పిక్ ఇచ్చింది, ప్రొటెక్షన్ ఏమీ లేకుండా, న్యూ ఆర్లీన్స్, మిల్వాకీ పిక్‌లలో ఏది మెరుగైతే అది! అంతకు ముందు సీజన్‌లో 21 మ్యాచ్‌లే గెలిచిన టీమ్ అది, అంత తక్కువ గెలిచే టీమ్ పిక్ మామూలుగా ముందు నంబర్లలోనే పడుతుంది. ఆ పిక్ చివరికి ఎంతలో పడినా సరే, క్వీన్ రేపు ఆల్‌స్టార్ అయినా సరే, బేరం కుదిరిన రోజున అట్లాంటాదే పైచేయి.

ఈసారి డ్రాఫ్ట్ వార్త వేసేటప్పుడు ఎవరు ఎవరికి ఏ నంబరు ఇచ్చారన్నదాని పక్కన, ఆ పిక్‌కి ప్రొటెక్షన్ ఎంత, ఏ ఏడాదిది అన్నది కూడా ఒక్క లైను వేయండి. ఫొటో కాస్త చిన్నదైనా ఫర్వాలేదు.

ఇట్లు,
డాలస్ దగ్గర నుంచి ఒక పాఠకుడు