వాసన చూసి అగరు మొక్కలు కొనకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది బరంపురం దగ్గర, బయట ఒడియా ఐనా ఇంట్లో తెలుగే, మీ పేపరే చదువుతాం. రెండేళ్ల కిందట మా బావగారు ఒక ఏజెంట్ మాట నమ్మి అరెకరంలో అగరు మొక్కలు వేశారు. అతను చిన్న సీసాలో నూనె తెచ్చి తలా ఒక చుక్క చేతికి రాసి ఈ చెట్టులోంచి వచ్చేది ఇదే అన్నాడు, అంతే, అందరూ పడిపోయారు. నేను కెమిస్ట్రీ చెప్పేదాన్నే, అక్కడే ఉన్నా, బావగారి ముందు ఎందుకులే అని నోరు మెదపలేదు, ఆ బాధతోనే రాస్తున్నా.

ఆరోగ్యంగా ఉన్న అగరు చెట్టు కర్ర పాలిపోయినట్టు తేలిగ్గా ఉంటుంది, దానికి ఆ పరిమళమే ఉండదండి. గాయం తగిలి, పురుగు తొలిచి, ఫంగస్ పట్టాక చెట్టు తనని కాపాడుకోడానికి ఊరబెట్టుకునే నల్లటి రెజిన్‌లోనే ఉంది అంతా. ఆ రెజిన్‌లో ముఖ్యంగా రెండు రకాల పదార్థాలు, ఆవిరయ్యే సెస్క్విటెర్పీన్లు, అంత తేలిగ్గా ఆవిరవని క్రోమోన్లు ఉంటాయి. కర్ర నానబెట్టి బట్టీ పెడితే ఆవిరితో వచ్చేవి ఎక్కువగా సెస్క్విటెర్పీన్లే, అగరోస్పైరాల్, జింకో ఎరిమాల్ లాంటివి. క్రోమోన్లు బరువైనవి, చాలావరకు కర్రలోనే ఉండిపోతాయి, నిప్పు మీద వేస్తే విరిగి బెంజాల్డిహైడ్ లాంటివి వదుల్తాయి, అందుకే ధూపం వాసన వేరు, నూనె వాసన వేరు.

మన గంజాంలో మొగలి నూనె తీసేవాళ్ళని చూస్తూనే ఉంటాం కదా, అక్కడ మగ పువ్వులోనే వాసన ఉంటుంది, నూనెలో సగానికి పైగా ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ ఒక్కటే. అగరు అలా కాదు, పదుల కొద్దీ పదార్థాలు, చెట్టు జాతి, పట్టిన ఫంగస్, ఎన్నాళ్ళు ఊరింది, ఎలా బట్టీ పెట్టారు అన్నదాన్ని బట్టి పాళ్ళు మారిపోతాయి. కాబట్టి చేతి మీద చుక్కతో ఏమీ తేలదు, నూనెలో ఏ పదార్థం ఎంత పాలు ఉందో చెప్పే ల్యాబ్ పరీక్ష, జీసీ ఎంఎస్ రిపోర్ట్ చూపించమని అడగాలి, అది కూడా వాళ్ళు రెజిన్ కోసం కావాలని చెట్లకి ఫంగస్ ఎక్కించిన తోటలోంచి తీసిన నూనెదే అయ్యుండాలి. ఇంకోటి, అక్విలేరియా మలాకెన్సిస్ అనే అగరు చెట్టు జాతి 1995 నుంచి సైటీస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో జాబితాలో ఉంది, విదేశాలకి పంపాలంటే పర్మిట్లు కావాలి, ఈ ముక్క ఏ ఏజెంటూ చెప్పడు.

బావగారి మొక్కలు ఏపుగానే ఉన్నాయి. ఫంగస్ ఎవరు ఎక్కిస్తారు, ఎప్పుడు, ఖర్చెంత అని అడుగుదామంటే అతను ఫోనే ఎత్తట్లేదు. అస్సాంలోని జోర్హాట్‌లో రెయిన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు అగరు మీద పనిచేస్తారు, వాళ్ళని అడిగి మీ వ్యవసాయం పేజీలో ఒక వ్యాసం వేయండి, వానలు పడి మళ్ళీ మొక్కల లారీలు మా ఊళ్ళకి రాకముందే.

ఒక కెమిస్ట్రీ టీచర్,
గంజాం జిల్లా, ఒడిశా